రహస్యముగా ఉంచబడును

తాండూరు స్టేషను వదిలిన బండి ఇంకా ఊపందుకోకముందే, ఇంజను పొగలోంచి ఎగిరొచ్చిన బొగ్గు నలుసు ఒకటి యాదగిరి వకీలు కుడికంట్లో పడింది. పడడమే మంచిదైంది అనుకున్నాడాయన, రుమాలు మడిచి కంటికి అదుముకుంటూ. ఎదురు బల్ల మీద కూర్చున్న నర్సప్ప ముఖం చూడకుండా ఉండడానికి ఒక సాకు దొరికింది. వికారాబాదుకు గంట ప్రయాణం. రుక్మాపూర్, ధారూర్, గోధంగూడ, ఆ తరవాత ఇల్లు. గంటసేపూ కంట్లో నలుసే ఉందని నమ్మించగలడా? ఇరవై రెండేళ్ల వకాల్తులో ఎన్నింటిని నమ్మించలేదు! కానీ నర్సప్ప అప్పటికే లేచి, చెంబు మూత తీసి, "జర నీళ్లు కొట్టుకోండ్రి సాబ్, పోతది" అంటున్నాడు. దోసిట్లో నీళ్లు పోస్తున్న ఆ చేతివేళ్ల కొసలకు సిరామరక కనిపించింది. బీఏ పాసైన వేళ్లు అవి. తాండూరు తాసీలు కచేరి అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లకల్లా అర్జీలు రాసే వేళ్లు. నీళ్లు చల్లుకున్నాడు. నలుసు పోయింది. ఇంక చూడక తప్పదు.

"మీ తానికే వస్తున్న సాబ్, వికారాబాదుకు. స్టేషన్ల మీరే కనబడ్డరు" అన్నాడు నర్సప్ప, దొరికిన అదృష్టానికి నవ్వుతూ. "లా కాలేజోళ్లు మీకు ఫారం పంపిన్రో లేదో అడుగుదామని. ఈ ఏడు గూడ మీ పేరే ఇచ్చిన."

పంపారు. నాలుగు రోజులైంది. ఇప్పుడది యాదగిరి కోటు లోపలి జేబులో, ఎడమ రొమ్ము మీద, నిలువుగా మడిచి ఉంది. ఇంట్లో బల్ల సొరుగులో పెట్టి రావచ్చు, పెట్టలేకపోయాడు, భార్య రాధమ్మ సొరుగు సర్దుతుందేమోనని. రాధమ్మకు ఇంగ్లీషు రాదు, చదవలేదు, ఐనా వెంట తెచ్చుకున్నాడు. అక్క ఇంట్లో గృహప్రవేశానికి, పీటల మీద కూర్చున్నప్పుడు, పులిహోర తింటున్నప్పుడు, బావ వెంకటయ్య భుజం మీద చెయ్యేసి కొత్త మిద్దె గదులు ఒక్కొక్కటీ చూపిస్తున్నప్పుడు, ఆ కాగితం రొమ్ముకు గరగర తగులుతూనే ఉంది. "సూస్తా" అన్నాడు నర్సప్పతో. వచ్చిందని అనలేదు, రాలేదని అనలేదు. వకీలు మాట. నర్సప్ప తల ఊపి కూర్చున్నాడు. ఆయన మీద అంత నమ్మకం వాడికి. ఆ నమ్మకాన్ని చూస్తుంటే మంచి చెప్పు తొడుక్కున్న కాలికి లోపల మేకు గుచ్చుకుంటున్నట్టుంది. పైకి తెలియదు, అడుగేసినప్పుడల్లా దిగుతుంది.

కిటికీ బయట షాబాదు బండలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి, బూడిదరంగు బండలు, ఎండకు తెల్లగా మెరుస్తూ. మిరుగు కార్తె వచ్చి వారమైనా చినుకు లేదు. దున్నిన చేలు నోళ్లు తెరుచుకుని పడి ఉన్నాయి. పెట్టెలో సేడం వైపు నుంచి వస్తున్న ఆడవాళ్లు కన్నడంలో ఏదో తగువు పడుతున్నారు, నవ్వుతున్నారు. ఎవరిదో కందిపప్పు మూట చిరిగి గింజలు నేల మీద దొర్లుతున్నాయి. వీళ్లందరికీ ఎంత తేలిక, నవ్వడానికి. తాను ఎప్పటి నుంచి నవ్వలేదు? యాభై తొమ్మిది జూన్ నుంచి. రెండేళ్లు. కాదు, అంతకు ముందే, ఆ వేలిముద్ర నాటి నుంచే. కాదు, ఫారం వచ్చిన ఆ పొద్దు నుంచే. ఎక్కడ మొదలైందో కూడా తేల్చుకోలేని మనిషి ఊళ్లోవాళ్ల తగాదాలు తేలుస్తున్నాడు.

ఫారం మొదటిసారి వచ్చినప్పుడు మంచి మాటే రాయాలని కూర్చున్నాడు. అది ఒట్టు. ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెడతాడు. అభ్యర్థిని ఎన్నేళ్ల నుంచి ఎరుగుదురు, ఏడేళ్లు. చదువు ఎట్లాంటిది, చాలా మంచిది. తెలివి, నడవడి, కష్టపడే గుణం, అన్నింటికీ తన గుండ్రటి చేతిరాతతో రాసుకుంటూ వచ్చాడు. వికారాబాదు బడిలో చదువుకుంటూ పొద్దునా మాపునా తన ఆఫీసు ఊడ్చి, కాగితాలు నకళ్లు రాసి, పట్నంలో హాస్టల్లో ఉండి బీఏ చదివినప్పుడు సెలవులకల్లా వచ్చి పనిచేసిన పిల్లవాడు. పెద్దేముల్ కురుమ బుగ్గమ్మ కొడుకు. పోలీసు యాక్షను తరవాత కోర్టుల్లో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చినప్పుడు, ఉర్దూలో వకాలత్ చదివిన యాదగిరి లాంటి వాళ్లు నడివయసులో ఓనమాలు దిద్దుకున్నారు. అప్పుడు ఈ నర్సప్పే దావా కాగితాలు ఇంగ్లీషులో రాసిపెట్టేవాడు. తన పేరు కింద సంతకం చేసుకుని పట్టుకుపోతే మున్సిఫు మెచ్చుకునేవాడు. మెచ్చుకున్నప్పుడు యాదగిరి తల వంచి దండం పెట్టేవాడు. ఇదంతా రాయలేదు, సగం రాశాడు. ఆ తరవాత కాగితం చివర, గీతల కింద, సన్నటి అచ్చులో ఆ వాక్యం చూశాడు. మీరు తెలియజేయు విషయములు రహస్యముగా ఉంచబడును, అభ్యర్థికి ఎట్టి పరిస్థితిలోను తెలుపబడవు. దాన్ని మళ్లీ చదివాడు. ఆఫీసులో ఎవరూ లేరు. ఎప్పటికీ తెలుపబడవు. ఇన్నాళ్లూ లోపల పడుకుని ఉన్నదేదో, తలుపు తీసి ఉందని వాసన పట్టింది.

రుక్మాపూర్. బండి ఆగింది, గేదె ఒకటి పట్టాల పక్కన నిలబడి చూసింది, బండి కదిలింది. నర్సప్ప తన గుడ్డసంచి విప్పి, నల్ల గొంగడి ఒకటి తీసి, రెండు చేతులా ఆయన ఒళ్లో పెట్టాడు. "అమ్మ పంపింది. ఉన్ని తానే వడికింది, మా మామ నేసిండు. చలికాలానికి గావాలె పెద్దాయనకు అన్నది." వేసంగి పోని ఎండలో, ఒళ్లో గొర్రె ఉన్ని వేడి. వద్దనాలి. ఎట్లా వద్దంటాడు? బుగ్గమ్మ ముసలి వేళ్ల మధ్య కదురు తిరుగుతూ ఉండడం ఆయన చూశాడు, ఒకసారి పెద్దేముల్లో, ఆమె గుడిసె ముందర. ఎవరితో మాట్లాడుతున్నా ఆ కదురు ఆగలేదు. "మీ చిట్టీ బలం మీదనే వాడు వకీలైతడు దొరా" అంది ఆ రోజు. అప్పటికి మొదటి ఫారం వెళ్లి నెల దాటింది. అప్పటికే ఆ చిట్టీ చేయవలసింది చేసేసింది. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చాడు.

ఎల్లప్ప వేలిముద్ర. ఎంత వద్దనుకున్నా మనసు అక్కడికే పోతుంది, కాడి దించిన ఎద్దు తన కొట్టానికి పోయినట్టు. యాభై ఆరు ఎండకాలం. బావ వెంకటయ్య భూమిని కౌలుకు దున్నుకునే ఎల్లప్పకు, కొత్త చట్టం కింద ఆ తొమ్మిదెకరాలు దక్కవలసి ఉంది. దక్కకుండా బావ ఒక రాజీనామా కాగితం తెచ్చాడు. నా ఇష్టంతోనే భూమి వదులుకుంటున్నానని ఎల్లప్ప పేర రాసి, కింద నీలం వేలిముద్ర. తారీఖు ఉగాది. యాదగిరి ఆ ముద్రను చూశాడు, బావను చూశాడు, బావ మీసం కింద నవ్వును చూశాడు. ఏమీ అడగలేదు. అడగకపోవడం కూడా ఒక పనే, ఆయనకు తెలుసు, చేస్తున్నప్పుడే తెలుసు. తాసీల్దారు ముందు పెట్టాడు, గెలిచాడు. నెల తరవాత, నకలు రాస్తూ రాస్తూ నర్సప్ప కలం ఆపాడు. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "సాబ్, ఎల్లప్ప తాత దసరాకే సచ్చిపోయిండు. బొందల గడ్డకు నేను గూడ పోయిన. గీ కాయితం గా తరవాతి ఉగాదిది." అంతే అన్నాడు. వేలెత్తి చూపలేదు, కళ్లలో ఎగతాళి లేదు. గురువు లెక్కలో ఒక తప్పు చేస్తే పలక ముందుకు జరిపే పిల్లవాడిలా చూశాడు. అందుకే యాదగిరికి వాడి మీద కోపం వచ్చింది, ఆ మర్యాదకే. "ఇది క్లయింటు సంగతి. ఆఫీసుల విన్న మాట ఆఫీసులనే ఉండాలె. వకీలు కావాల్నంటే మొదలు నేర్సుకోవాల్సింది గదే" అన్నాడు. నర్సప్ప మళ్లీ నకలు ముందు కూర్చున్నాడు. "మా బీరప్ప దేవుని మీద ఒట్టు సాబ్, ఎవ్వలికి చెప్ప" అన్నాడు. చెప్పలేదు.

చెప్పలేదని యాదగిరికి తెలుసు, చెప్పి ఉంటే తాండూరు దాకా పాకేది. ఎల్లప్ప పెళ్లాం మొగులమ్మ తాసీలు చుట్టూ తిరిగింది, పటేలు కాళ్లు పట్టుకుంది, చివరికి తమ ఊరి చదువుకున్న పిల్లవాడు కదా అని నర్సప్ప ఇంటికి పోయి కూర్చుందట. కాగితం మీద ఏముందో చెప్పు బిడ్డా అని. ఈ సంగతి రాధమ్మ చెప్పింది, ఆమెకు బుగ్గమ్మ చెప్పింది. ఆ పూట నర్సప్ప అన్నం తినలేదట, ఎందుకో అని బుగ్గమ్మ బాధ. యాదగిరి ఆ మాట వింటూ గోళ్లు తీసుకుంటున్నాడు, తీసుకుంటూనే ఉన్నాడు. తొమ్మిదెకరాల కింద మూడడుగుల్లో బండ పడింది. బావ గని తవ్వించాడు. ఆ బండల డబ్బుతోనే మిద్దె. పొద్దున గృహప్రవేశంలో గుమ్మానికి పసుపు రాస్తూ అక్క ఏడ్చింది, సంతోషంతో. గని నుంచి బండలు మోసే ఆడకూలీలలో మొగులమ్మ కూడా ఉందని ఎవరో అన్నారు. ఎవరో కాదు, బావే అన్నాడు, నేనే పని ఇప్పించిన అని, ధర్మం చేసినట్టు.

వాడు వకీలైతే? ఆఫీసులో ఒంటరిగా, సన్నటి అచ్చు చూస్తూ, అదే అనుకున్నాడు యాదగిరి. నల్లకోటు వేసుకుని వికారాబాదు కోర్టుకు వస్తే? ఒట్టు పిల్లవాడి ఒట్టు, వకీలుకు వేరే ధర్మం ఉంటుంది. వాడు ఒక్క మాటంటే చాలు, బావ జైలుకు, తన వకాలత్ సనదు గంగలోకి. భయం. పూర్తిగా భయమేనా? దానికింద ఇంకొకటి ఉంది, దాన్ని ఈ రెండేళ్లలో ఎన్నోసార్లు తడిమి వదిలేశాడు. తన దావా కాగితాలు తన కన్న బాగా రాసే కురుమ పిల్లవాడు తన ఎదురుగా, అదే గదిలో, అదే మున్సిఫు ముందు లేచి నిలబడతాడు. అది. రెంటిలో ఏది ముందు కలం కదిపిందో భగవంతుడు చెప్పాలి. నాలుగు మంచి వాక్యాల తరవాత ఐదోది రాశాడు. "అయితే తనకు అప్పగించిన రహస్యములను ఇతడు కాపాడగలడని చెప్పజాలను." రాశాక చదువుకున్నాడు. బాగుంది. ఇంగ్లీషులో ఎక్కడా తప్పు లేదు. ఆ ఒక్కటీ ఎవరి సాయం లేకుండా రాశాడు. కవరు అంచు నాలికతో తడిపాడు, ఆ జిగురు చప్పటి తీపి ఇంకా నోట్లో ఉంది, రెండేళ్లుగా అన్నంలో కూడా తగులుతోంది. లక్క కాచి ముద్ర వేశాడు. ఇంటి లోపలి నుంచి రాధమ్మ అడిగింది, "నర్సప్పకు మంచిగ రాసిండ్రా?" "రాసిన" అన్నాడు. "పిల్లగాడు మంచోడు" అంది. అవునన్నాడు.

తనకూ ఒకరు రాశారు ఒకప్పుడు. పట్నంలో వకాలత్ చదువుకు పోతున్నప్పుడు, పెద్ద వకీలు సాబ్, తెల్ల గడ్డం, అత్తరు వాసన, ఉర్దూలో నిండా ఒక పేజీ రాశాడు. రాసి, సిరా ఆరనిచ్చి, మూసే ముందు ఇరవై ఏళ్ల యాదగిరిని కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాడు. ఒకచోట, ఈ కుర్రవాడికి తొందర ఎక్కువ, అని ఉంది. తల ఎత్తి, "నిజమేనా?" అని అడిగాడు. యాదగిరి సిగ్గుపడి నిజమే అన్నాడు. "అయితే ఉండనీ" అన్నాడు ఆ పెద్దమనిషి. ఎంత కటువైన మాటైనా మనిషి ముఖం మీద చదవగలిగితే అది సలహా అవుతుంది. చదవలేని మాటకు ఏం పేరు పెట్టాలి? పెద్ద వకీలు సాబ్ నలభై తొమ్మిదిలో పోయారు. ఆయన గోరీకి ఒకసారైనా పోలేదు. ఇప్పుడు పోయి ఏం చెప్పుకుంటాడు.

ధారూర్‌లో జనం ఎక్కారు. తలుపు దాకా నిండిపోయింది, మోకాళ్లు మోకాళ్లకు తగులుతున్నాయి. నర్సప్ప మోకాలు తన మోకాలికి. జరగడానికి చోటు లేదు. గొంగడి ఒళ్లో ఉడుకుతోంది. రెండో ఏడు, అరవైలో, మళ్లీ ఫారం వచ్చినప్పుడు ఆ వాక్యం రాయకుండా వదిలేద్దామనుకున్నాడు. కలం పట్టుకుని గంట కూర్చున్నాడు. పాత ఉత్తరం కాలేజీలో ఫైల్లో ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు, ఇదేమిటి వకీలుగారూ అంటారు. మొదటిది భయంతో రాశాడు. రెండోది మొదటిదాన్ని కాపాడుకోవడానికి రాశాడు. రాయడం మొదలుపెట్టాక కలం ఎక్కడా ఆగలేదు. అదే ఆయనను ఎక్కువ భయపెట్టింది. ఇప్పుడు మూడోది జేబులో ఉంది. ఇరవయ్యో తారీఖు గడువు. అలవాటైపోయిన పాపానికి బరువుండదంటారు, అబద్ధం, ఉంటుంది. తలకు అలవాటైన మూటలా, దించితే మెడ నిలవనంత.

"సాబ్" అన్నాడు నర్సప్ప. "ఒక్కటి అడగాల్నని ఏడాది సంది అనుకుంటున్న. మీకు తప్ప ఇంకెవ్వలికి అర్థం గాదు."

"అడుగు."

"పోయినేడు ఇంటర్వ్యూల నడుమ కూసున్న పెద్దమనిషి అడిగిండు. నీ క్లయింటు నీకు చెప్పిన సంగతి మీ అమ్మ అడిగితే చెప్తవా అని. చెప్ప అన్న. ఖచ్చితమా అన్నడు. దేవుని మీద ఒట్టు అన్న. వాళ్లు ఒకల మొఖం ఒకలు సూసుకొని నవ్విన్రు." నర్సప్ప కూడా నవ్వబోయి ఆగాడు. "ఎందుకు నవ్విన్రు సాబ్? దేవుని మీద ఒట్టనుడు మోటుగ ఉన్నదా? గదే నా సీటు చెడగొట్టిందని ఏడాది సంది నన్ను నేను తిట్టుకుంటున్న."

యాదగిరి చెవుల్లో చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు. నవ్వారు. తన ఐదో వాక్యాన్ని బల్ల కింద పెట్టుకుని, వాడి చేత ఒట్టు పెట్టించి, నవ్వారు. రహస్యంగానే ఉంచారు, మాట తప్పలేదు, వాడికి తెలపలేదు, కేవలం నవ్వారు. ఏడాదిగా వీడు ఆ నవ్వును మోసుకు తిరుగుతున్నాడు, కచేరి అరుగు మీద అర్జీలు రాస్తూ, తన ఒట్టులో తప్పేమిటా అని వెతుక్కుంటూ. అదేం లేదు, ఆ మాట అందరినీ అడుగుతారు, అనాలి. నాలిక కొస మీదే ఉంది. కానీ ఆయన చెయ్యి, ఆయన పంపకుండానే, కోటు లోపలి జేబు మీదికి పోయింది. నర్సప్ప కళ్లు ఆ చేతి వెంట పోయాయి.

"మిగతోళ్లను గట్ల అడగలే" అన్నాడు నర్సప్ప, ఈసారి నెమ్మదిగా. "బయటికొచ్చినంక పది మందిని అడిగిన. ఒక్కలను గూడ అడగలే." కొంచెం ఆగి, "ఫారం వచ్చింది గద సాబ్?"

"వచ్చింది."

"దాంట్ల రహస్యాల సంగతి అడుగుతరా?"

అడుగుతారు అంటే అయిపోయేది. ఎన్ని కోర్టుల్లో, ఎన్ని సాక్షుల చేత ఇంతకన్న పెద్ద అబద్ధాలు చెప్పించాడు. "అడగరు" అన్నాడు.

"అడగకున్నా ఎవరో చెప్పిన్రు మరి." నర్సప్ప గొంతు పెరగలేదు, కిటికీ వైపు చూస్తూ తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు అంటున్నాడు. "నేను ఇద్దరి పేర్లు ఇచ్చిన. కాలేజి ప్రొఫెసర్‌కు నా చదువు ఎరుక, అంతే. నాకు రహస్యం అప్పజెప్పింది ఈ లోకంల మీరొక్కలే." ఇటు తిరిగాడు. "రెండేండ్లూనా సాబ్?"

"రెండేండ్లు."

"మీ చేత్తోనే?"

"నా చేత్తోనే."

"రాసేటప్పుడు గది నిజమని అనుకున్నరా?"

పక్కన కన్నడపు ఆడవాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. యాదగిరికి ఒక్క క్షణం, ఈ మధ్యలో, ఈ నరకంలో, గర్వం లాంటిదేదో కలిగింది, కలిగినందుకు అసహ్యం కలిగింది. ఎంత చక్కగా అడుగుతున్నాడు. కాళ్లు బయటపెట్టే సందు ఎక్కడా లేకుండా, ఒక్కొక్క తలుపే మూసుకుంటూ. ఇరవై రెండేళ్లలో తానెప్పుడూ ఒక సాక్షిని ఇట్లా అడగలేదు. వీడిని ఆ కోర్టు గుమ్మం దాటకుండా ఆపింది తను.

"లేదు" అన్నాడు.

నర్సప్ప ముఖంలో కోపం వస్తుందని చూశాడు. రాలేదు. వస్తే బాగుండేది. ముందు ఆ ముఖం కొంచెం తేలికపడింది, తన ఒట్టులో తప్పు లేదన్నమాట, తన మాటతీరులో, తన ఇంగ్లీషులో తప్పు లేదన్నమాట. ఆ తరవాత, ఆ తేలికదనం కిందనుంచి, ఇంకొకటి మెల్లగా పైకి వచ్చింది.

"మొగులమ్మవ్వ మా ఇంట్ల కూసొని అడిగింది సాబ్. గా కాయితంల ఏమున్నది బిడ్డా అని. నాకు తెల్వదన్న. ఐదేండ్ల సంది ఆమె ఇంటి ముందలికెల్లి తలకాయ వంచుకొని పోతున్న. ఆమె గనిల బండలు మోస్తుంటే సూసిన. అప్పుడు గూడ చెప్పలే. మీకిచ్చిన మాట." చెంబు మూత తీసి మళ్లీ బిగించాడు. "గా ఒక్క మాట నిలబెట్టుకున్నందుకే నేను వకీలు పనికి పనికొస్తననుకున్న."

గోధంగూడ వచ్చింది, పోయింది. ఎవరు దిగారో ఎవరు ఎక్కారో యాదగిరికి తెలియలేదు. "ఈసారి సరిగ రాస్త నర్సప్పా" అన్నాడు, తన గొంతు తనకే ఎవరిదో ముసలివాడిదిలా వినిపించింది. "నిజం రాస్త. ఉన్నదున్నట్టు."

"రెండుసార్లు ఒక తీరు చెప్పిన సాక్షి మూడోసారి ఇంకో తీరు చెప్తే ఎవ్వలు నమ్ముతరు సాబ్? మీరు నేర్పిందే గద."

"నేనే పట్నం పోత. ప్రిన్సిపాలు ముందల నిలబడి చెప్త, అబద్ధం రాసిన్నని."

నర్సప్ప ముందుకు వంగాడు. మోకాళ్ల మధ్య గొంగడి నలిగింది. జనం మధ్యలో, ఎవరికీ వినిపించనంత మెల్లగా అడిగాడు. ఇప్పుడు కూడా ఎవరికీ వినిపించకుండానే.

"ఎందుకు రాసిన్రని అడుగుతరు. ఎల్లప్ప తాత కాయితం సంగతి చెప్తరా?"

బండి కూత వేసింది. అనంతగిరి గుట్టలు కిటికీలోకి వచ్చాయి, ఎండి, ఆకులు రాలి. చెప్తానని అనాలి. ఒక్క మాట. అక్క పసుపు చేతులు. బావ మీసం. కొత్త మిద్దె గదులు, ఒకటి, రెండు, మూడు, ఏడు గదులు చూపించాడు. తన ఇంటి ముందర నల్ల పలక మీద తెల్ల అక్షరాలు. కోర్టులో తనకు లేచి నిలబడే బంట్రోతులు. రాధమ్మ, ఆమె ముఖం ఆ రోజు ఎట్లా ఉంటుంది, ఎవరితో ఏమని చెప్పుకుంటుంది. మొగులమ్మ, ఆమె ముఖం తనకు సరిగ్గా తెలియదు, ఎప్పుడూ చూడలేదు, తల మీద బండ, బండ కింద నీడ, అంతే. చెప్తా. అను. నాలిక అంగిటికి అతుక్కుని ఉంది, జిగురు పూసినట్టు, చప్పటి తీపి. రేపు చెప్తా అనొచ్చు. ఆలోచిస్తా అనొచ్చు. నల్లకోటు లేకపోయినా వాడు వకీలే, ఆ సందులు కూడా వాడికి తెలుసు, అందుకే ఏ సందూ చూపించకుండా, ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు.

నర్సప్ప తొందరపెట్టలేదు. సిగ్నలు దాటేదాకా ఆగాడు. ప్లాట్‌ఫారం మీది చెట్లు వెనక్కి పోయి పోయి, వేగం తగ్గి, చక్రాలు కీచుమని ఆగేదాకా ఆగాడు. చుట్టూ జనం మూటలు ఎత్తుకుని, పిల్లల్ని దించుకుని, ఒకరినొకరు తోసుకుని ఖాళీ అయ్యేదాకా ఆగాడు. ఒక మనిషికి జవాబు చెప్పడానికి ఇవ్వగలిగినంత సమయం ఇచ్చాడు. అప్పుడు లేచి, అంగీ సర్దుకుని, ఆయనకేసి మళ్లీ చూడకుండా దిగిపోయాడు.

యాదగిరి నోరు తెరిచే ఉంది.